మోటార్లు ఆపినా ఆరిపోయిన కంప్యూటర్

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి ఆ నెలలోనే మా ఇంట్లో పని ఎక్కువ. పెళ్లిళ్ల కాలమంతా అన్న కెమెరా భుజాన వేసుకుని పుంగనూరు చుట్టుపక్కల కల్యాణమండపాలన్నీ తిరిగేవాడు. తెచ్చిన వీడియో కేసెట్లను నా గదిలో రాగుల డ్రమ్ము మీద పేర్చేవాడు. ఆషాఢం రాగానే నేను వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, అక్కర్లేనివి కత్తిరించి, పాటలు కలిపి, సీడీలు తీసేదాన్ని. ఈ పనిని మా వైపు మిక్సింగ్ అంటారు.

నాకు ఆ పని ఎంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు, డైరీకి తప్ప. పెళ్లికి వెళ్తే నేను గోడకు ఆనుకుని కూర్చునే మనిషిని. ఎవరైనా పలకరిస్తే తల ఊపుతాను, మాట రాదు. కానీ నా గదిలో, తెర ముందు, అదే పెళ్లివాళ్ల ముఖాలను ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసేదాన్ని. అప్పగింతలప్పుడు ఏడుపు ఆపుకోవడానికి తలగుడ్డ సర్దుకుంటూ నిలబడే మేనమామలు, తాంబూలాల తట్ట పట్టుకుని ఎవరికివ్వాలో తెలియక తిరిగే చిన్నత్తలు. ఎవరి ముఖం ఎంతసేపు ఉంచాలో నేనే నిర్ణయించేదాన్ని. పని మధ్యలో ఖాళీ దొరికితే కీబోర్డు కింది అరలో దాచుకున్న లైబ్రరీ పుస్తకం తీసేదాన్ని.

అన్నకు పెద్ద పనులు మదనపల్లెలో ఒక స్టూడియో ఆయన ఇచ్చేవాడు. ఆ ఏడాది ఆయన కొత్త కోరిక కోరాడు. వీడియో మొదట్లో కోట తలుపులు తెరుచుకోవాలి, గులాబీ రేకులు రాలాలి, ఆ రేకుల మధ్య నుంచి పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఎదురుగా రావాలి. మా పాత కంప్యూటర్ అంతటి టైటిల్ తయారు చేయలేక పూటంతా తిప్పలుపడి సగంలోనే బిగుసుకుపోయేది. అన్న మదనపల్లె పోయి పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు. దానికి సొంతంగా ఫ్యాను ఉంది. మదర్‌బోర్డు ఇచ్చే కరెంటు సరిపోక వెనక నుంచి విడిగా ఇంకో తీగ కూడా అడుగుతుంది. కంప్యూటర్ లోపల అన్నిటికీ కరెంటు పంచే మా సప్లై పెట్టెకు అలాంటి తీగ లేదు. అంగడాయన హార్డ్‌డిస్కుల కోసం ఉన్న రెండు తీగలను కలిపి దానికి అతికించి ఇచ్చాడు. "అయిదు నూర్ల వాట్ల సప్లై ఉండాది గదప్పా మీకు, ఇంగేం భయం?" అన్నాడట.

ఇంటికి తెచ్చి మొదటి టైటిల్ పెట్టాను. తలుపులు సగం తెరుచుకున్నాయి. రేకులు రాలడం మొదలైంది. ఠప్పుమని కంప్యూటర్ ఆరిపోయింది.

"లో ఓల్టేజీ," అన్నాడు నాన్న వరండాలోంచే, లేచి చూడకుండా.

మేమందరం నమ్మాం. నమ్మక ఏం చేస్తాం? మా ఇంటికీ, చుట్టూ ఉన్న చేల బోర్లకూ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. త్రీఫేజ్ కరెంటు రాగానే ఆటో స్టార్టర్లు పెట్టిన మోటార్లన్నీ ఒక్కసారిగా లేచేవి. ట్యూబులైటు కళ్లు మూసి తెరిచేది. మిక్సీలో చట్నీ సగంలో ఆగేది. ఇంట్లో ఏ వస్తువు మొరాయించినా మాకు తెలిసిన జబ్బు అదొక్కటే. అన్న ఇంకా పెద్ద స్టెబిలైజర్ తెచ్చాడు. ఠప్. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వేయించాడు. మళ్లీ ఠప్.

ఒక సాయంత్రం అన్న మదనపల్లె నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా గడప మీద కూలబడ్డాడు.

"ఆషాఢం దాటేలోపల ఈ పెండ్లి చేతికియ్యకపోతే, ఇంగ మిక్సింగంతా బెంగుళూరికి పంపిస్తానంటాండాడు," అన్నాడు.

నాన్న, "అట్లయితే ఈ మిషను అమ్మేస్తాం. పాప దినామూ మదనపల్లె స్టూడియోకే పోయి చేస్తాది. ఆడ కరెంటు బాగుంటాది," అన్నాడు.

ఆయన మంచికే అన్నాడు. కానీ నేను ఆ స్టూడియోకు ఒకసారి వెళ్లాను. కుర్చీ వెనక ఎప్పుడూ నలుగురు నిలబడి ఉంటారు. ఒకడు పాట మార్చమంటాడు, ఒకడు వాళ్ల వదిన ముఖం ఎక్కడని అడుగుతాడు. అక్కడ నా చెయ్యి మౌస్ మీద కదలదని నాకు తెలుసు. పని ఈ గది దాటితే నా చెయ్యి కూడా దాటిపోతుంది. ఆ మాట పైకి అనలేకపోయాను. "ఇంగొక్కసారి చూస్తాను," అని మాత్రం అన్నాను.

ఆ ఒక్కసారి కోసం నాన్న పొద్దున్నే చేల మీదికి పోయి మోటార్లు ఆపమని అందరినీ అడిగాడు. మా పక్క చేను చిన్నాయనది. వరసకే చిన్నాయన, నాన్నకు తోడబుట్టినవాడు కాదు. ఆయన గొంతు మా కిటికీ దాకా వినిపించింది.

"ఏమప్పా, నీ కూతురు కంప్యూటర్‌కని నేను మోటారు ఆపల్లా? నా టమోటా నారు ఎండిపోతే ఆ యమ్మి ఈడియోలో తడుపుతాదా?"

"ఒక్క గంటరా. ఆ తలుపులు తెరుసుకునేదాకా."

"ఏం తలుపులు?"

"కోట తలుపులు. కంప్యూటర్లో."

"నీ ఇంటికే సరిగా తలుపు లేదు, కోట తలుపులంట!" అని చిన్నాయన పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే పోయి స్టార్టరు ఆపాడు. ఆయన ఆపాక మిగతావాళ్లూ ఆపారు.

ఊరికే ఆపి ఊరుకోలేదు. తమ నీళ్లు ఏ పనికి ఆగాయో చూడాలి కదా! నలుగురూ కాళ్లు కడుక్కుని వచ్చి నా గదిలో, గుమ్మంలో నిలబడ్డారు. నేను వెనక్కి తిరగకుండా తెర వైపే చూస్తూ కూర్చున్నాను. త్రీఫేజ్ ఉన్న పగటిపూట చేలు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. ట్యూబులైటు పట్నంలో వెలిగినట్టు తెల్లగా వెలుగుతోంది. టైటిల్ మొదలుపెట్టాను. తలుపులు కదిలాయి. రేకులు రాలాయి.

ఠప్.

చిన్నాయన రెండు చేతులూ పైకెత్తాడు. "అమ్మీ, నేను యాడా ముట్టుకోలేదు సూడు!"

గుమ్మంలోంచి ఇంకొకాయన, "మోటార్లు ఆడతా ఉన్నెప్పుడే మేలు, ఇంగా కొంచేపు ఉన్నట్టుండాదే," అన్నాడు. అందరూ నవ్వారు. అన్న నవ్వలేదు. వాళ్లు పోతూ పోతూ, "పోనీలేమ్మా, రేపు గూడా ఆపుతాం," అన్నారు. ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది.

వాళ్లు వెళ్లాక ఆ గదిలో ఒంటరిగా కూర్చుని చూసింది గుర్తు చేసుకున్నాను. కంప్యూటర్ ఆరినప్పుడు ట్యూబులైటు రెప్ప కూడా వాల్చలేదు. స్టెబిలైజర్ ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. అంటే బయటి కరెంటులో లోపం లేదు. మోటార్లు హోరెత్తుతున్నప్పుడు కూడా నేను కేసెట్లు ఎక్కించాను, కత్తిరించాను, పాటలు పెట్టాను. ఎప్పుడూ ఆరలేదు. రేకులు రాలేటప్పుడు మాత్రమే, అంటే ఆ కార్డు ఒళ్లు వంచి పనిచేసేటప్పుడు మాత్రమే ఆరుతోంది.

కార్డుతో పాటు వచ్చిన చిన్న పుస్తకం అట్టపెట్టెలోనే ఉంది. ఏ అచ్చు కాగితం దొరికినా చదవడం నా అలవాటు, దాన్ని ఎందుకు వదిలేశానో! నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. కంప్యూటర్ సప్లైలో పన్నెండు వోల్టుల లైను ఇరవై ఆరు యాంపులు ఇవ్వగలగాలని అందులో ఉంది. వాట్లు ఎన్నని చెప్పి ఊరుకోలేదు, ఆ ఒక్క లైను గురించి విడిగా చెప్పారు. అన్న చేత కంప్యూటర్ పక్క రేకు విప్పించాను. కేబినెట్‌తో పాటు వచ్చిన సప్లై పెట్టె మీద అయిదు వందలని పెద్ద అక్షరాలున్నాయి. దాని కింద, చీమ తలకాయలంత అంకెల్లో, పన్నెండు వోల్టుల దగ్గర పదిహేను యాంపులని ఉంది.

"అయిదు నూర్లు అని రాసుండాది గదమే!" అన్నాడు అన్న.

"అన్నీ కూడితే అయిదు నూర్లంట. కార్డుకు పోయే లైన్లో అంత లేదు," అన్నాను. అన్నకు ఇంకా అర్థం కాలేదు. "మన తొట్టి ఎంత పెద్దదైతే ఏమి, తోటకు పోయే పైపు సన్నంగా ఉంటే?"

అన్న వంగి ఆ చిన్న అంకెలను వేలు పెట్టి చదువుకున్నాడు. తర్వాత మదనపల్లె అంగడికి ఫోన్ చేశాడు. ఆయన పాపం తన దగ్గరున్నవాటి మీద అంకెలన్నీ ఓపిగ్గా చదివి వినిపించాడు. ఏదీ పద్దెనిమిది దాటలేదు. "నేనెప్పుడూ పెద్దచ్చరాలే సూసినానప్పా," అన్నాడు దిగులుగా.

ఇక మిగిలింది కుప్పం బావ. మా అక్క భర్త. రోజూ పొద్దున రైలెక్కి బెంగళూరు పోయి పనిచేసి రాత్రికి తిరిగి వస్తాడు. అన్న బావకు ఫోన్ కలిపి నా చేతిలో పెట్టాడు. "నువ్వే సెప్పు. నాకీ యాంపులు గీంపులు రావు."

అక్క పెళ్లయినప్పటి నుంచి బావతో నేను నేరుగా మాట్లాడింది లేదు. ఏదైనా అక్క నడుమ ఉండాల్సిందే. ఆ రోజు గోడ వైపు తిరిగి, కళ్లు మూసుకుని, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"ఎవురూ? మా మరదలేనా మాట్లాడేది?" అన్నాడు బావ.

మర్నాడు ఆయనే బెంగళూరు అంగడి నుంచి ఫోన్ చేశాడు. వెనక కన్నడంలో ఎవరో బేరమాడుతున్నారు.

"ఏమ్మే, ఈడ ఆరు నూర్లదుండాది. లోపల రంగు దీపాలు గూడా ఎలుగుతాయంట. జాతర మాదిరి ఉంటాది, తెచ్చేదా?"

"పన్నెండు వోల్టుల దగ్గర ఎంతుంది బావా?"

"ఉండు... పద్దెనిమిది."

"వద్దు."

"దీపాలు..."

"వద్దు బావా."

"సరేమా, కోప్పడొద్దు. ఇంగోటుండాది. దీనికి దీపాల్లేవు, నల్లగా మొద్దు మాదిరి ఉండాది. నాలుగు నూర్ల యాభై. పన్నెండుది రెండు లైన్లుండాయి, ఒక్కోటి పద్దెనిమిది. రెండూ కలిపితే ముప్పై ఆరంటాండాడు ఈయన."

"అట్ల కూడకూడదు. రెండు కలిపి ఎన్ని వాట్లని కింద ఏమైనా రాసుందా చూడు."

బావ అంగడాయన్ని కళ్లద్దాలు అడగడం వినిపించింది. "మూడు నూర్ల అరవై వాట్లు."

పన్నెండుతో భాగిస్తే ముప్పై. చాలు, ఇంకా మిగులుతుంది. "కార్డుకు పోయే ఆరు బెజ్జాల తీగ దానికే ఉందా?" అని అడిగాను. ఉందన్నాడు. "అదే తీసుకో బావా."

"ఆరు నూర్లది వద్దని నాలుగు నూర్ల యాభైది అడిగే మనిషిని ఇప్పుడే సూస్తాండానంట ఈయన," అని నవ్వి బావ ఫోన్ పెట్టేశాడు.

అన్న కుప్పం పోయి తెచ్చాడు. అక్క దాన్ని దుప్పటిలో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి, పైన అలసంద వడల డబ్బా పెట్టి పంపింది. పాత సప్లై పెట్టెను ఒక చేత్తో తీసిన అన్న, కొత్తదాన్ని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టాడు. అతికించిన రెండు తీగలు పక్కన పడేశాం. కార్డుకు దాని సొంత తీగే తగిలించాం. స్క్రూలు బిగించి అన్న పుంగనూరులో పనుందని బయలుదేరాడు. ఇంకోసారి ఆరిపోతే చూడలేక వెళ్లాడని నాకనిపించింది.

టైటిల్ పెట్టాను. తలుపులు కదిలాయి. అప్పుడు నాకు తోచింది, చేలల్లో చప్పుడే లేదని. త్రీఫేజ్ వచ్చి చాలాసేపయింది. కిటికీలోంచి చూస్తే చిన్నాయన స్టార్టరు పెట్టె పక్కన గట్టు మీద కూర్చుని మా ఇంటి వైపే చూస్తున్నాడు. అన్న కుప్పం నుంచి ఏదో మోసుకొచ్చాడని విని, ఎవరూ అడక్కుండానే మోటారు ఆపుకుని కూర్చున్నాడు. ఎండకు ఆయన నారు తలలు వాల్చేసింది.

పంపడానికి ఇంట్లో ఎవరూ లేరు. చున్నీ తల మీద కప్పుకుని నేనే గట్టు మీదికి నడిచాను.

"చిన్నాయనా, మోటారు ఏసుకో."

"తెరుసుకున్యాయా తలుపులు?"

"తెరుసుకుంటాండాయి. నువ్వు ఏసుకో."

"ఏస్తే మల్లా పోతాదేమోమ్మా. నేనుంటాలే, ఏం కాదు."

"పోదు. నేను చెప్తాండా కదా! నారు ఎండిపోతాంది, ఏసుకో."

ఆయన నా వైపు వింతగా చూశాడు. "నీకింత గొంతుండాదని ఇన్నాళ్లూ తెలీలేదే," అంటూ లేచి పచ్చ బటన్ నొక్కాడు. ఆ హోరు వినగానే తక్కినవాళ్లూ ఒక్కొక్కరే వేసుకున్నారు.

నేను పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చాను. ట్యూబులైటు ఎప్పటిలాగే కళ్లు మూసి తెరిచి, మసకబారింది. తెర మీద రేకులు రాలుతూనే ఉన్నాయి. వాటి మధ్య నుంచి పెళ్లికూతురు, పెళ్లికొడుకు మెల్లగా దగ్గరికొచ్చి నిలబడ్డారు.

శ్రావణం రాకముందే అన్న ఆ పెళ్లి సీడీలు మదనపల్లెలో ఇచ్చి, ఇంకో సంచి కేసెట్లు తెచ్చి రాగుల డ్రమ్ము మీద పెట్టాడు.