తలుపవతల కచేరీ

మా పై అంతస్తులో ఉండే తోర్‌గున్ అనే పెద్దావిడ మా బెర్గెన్ ఊరి కచేరీ హాలులో ముప్పై ఒక్క ఏళ్లు జనం తడి కోట్లు అందుకుని కొక్కేలకు తగిలించే పని చేసి రిటైరయింది. నాకేమో ఇంట్లో స్టీరియో పెడితే అచ్చం కచేరీలా వినిపించాలని పిచ్చి. నాలుగేళ్లుగా స్పీకర్లను అంగుళం అటూ ఇటూ జరుపుతున్నాను, గోడలకు కంబళ్లు కడుతున్నాను. అన్ని కచేరీల దగ్గరా ఉన్న మనిషి కదా, తీర్పు ఆవిడే చెప్పాలని ఒక ఆదివారం కాఫీకి పిలిచాను.

ముందుగదిలో మంచి కుర్చీలో కూర్చోబెట్టి, పెద్ద వాద్యబృందం వాయించిన సింఫనీ పెట్టాను. ఆవిడ పెదవి విరిచింది.

"బాగానే ఉందిగానీ, అక్కడ ఇలా ఉండదబ్బాయ్."

"ఏం తక్కువైంది? వయొలిన్లా, బాకాలా?"

"తక్కువ కాదు, ఎక్కువైంది."

నాకు ఒళ్లు మండింది. ఆ ఎక్కువేమిటో చూపించమన్నాను. ఆవిడ లేచి నడవలోకి వెళ్లి తలుపు మూసేసింది. ఎంతసేపటికీ రాదు. వెళ్లి చూద్దును కదా, ఆ వారం వానలకు తడిసి అక్కడ వేలాడుతున్న నా కోట్ల మధ్య కళ్లు మూసుకుని నిలబడి, ఒక కోటు భుజాలు సర్దుతోంది.

"ఇదిగో, ఇప్పుడు అచ్చం అలాగే ఉంది."

"ఒక్కసారైనా లోపల కూర్చుని వినలేదా మీరు?"

"చప్పట్లయ్యేసరికి అందరి కోట్లూ సిద్ధంగా ఉండొద్దూ? ముందు ఆ తలుపు వెయ్యి."

నేనూ కోట్ల మధ్యకు వచ్చి తలుపు వేశాను. నాలుగేళ్లలో మొదటిసారి, మా ముందుగదిలో వందమంది కూర్చుని వాయిస్తున్నారు.