అంకెల్లేని త్రాసు

మా మామయ్య తూచనిదేదీ నమ్మడు. దేవుడు ప్రత్యక్షమై వరమిస్తానన్నా, "ముందు ఈ కొక్కేనికి తగిలించండి స్వామీ, ఎంతుంటుందో చూద్దాం" అనగల మనిషి. ముప్పై నాలుగేళ్ళు పార్శిల్ ఆఫీసులో తూకం గుమాస్తాగా చేసి రిటైరైన రోజున ఆఫీసువాళ్ళు గోడగడియారం ఇవ్వబోయారట. వద్దని, తను వాడిన స్ప్రింగు త్రాసునే అడిగి తెచ్చుకున్నాడు. వాళ్ళూ సంతోషంగా ఇచ్చేశారు. దాని మీద అంకెలు ఏనాడో అరిగిపోయాయి మరి. మిగిలినవి మూడే: ఒక ముల్లు, ఒక కొక్కెం, మా మామయ్య.

ముల్లు ఎక్కడ ఆగితే ఎంతో ఈ భూమ్మీద ఆయనొక్కడికే తెలుసు. త్రాసుని కంటి ఎత్తుకి లేపి, ఊపిరి బిగబట్టి, ఎడమ కన్ను మూసి, చాలాసేపటికి, తీర్పు చదివే జడ్జీలా చెప్పేవాడు: "కిలో నూట నలభై." అనుమానమున్నవాళ్ళు వేరే త్రాసులో చూసుకునేవాళ్ళు. కిలో నూట నలభయ్యే ఉండేది. కొన్నాళ్ళకి జనం అనుమానించడం మానేశారు. మామయ్య మాత్రం తూచడం మానలేదు.

మా అక్క పుట్టినప్పుడు ఆస్పత్రివాళ్ళు రాసిన బరువులో నలభై గ్రాములు తేడా ఉందని నర్సుతో తగాదా వేసుకున్నాడు. ఆ నలభై గ్రాములూ పాపవి కావు, పాపకి చుట్టిన గుడ్డవి అని తేలేదాకా తల్లినీ బిడ్డనీ ఇంటికి రానివ్వలేదు. ఇంకోసారి సాక్షాత్తూ పై అధికారి పార్శిలే ఏడు గ్రాములు ఎక్కువుందని తిప్పి పంపాడు. "ఏడు గ్రాములేగా, చూసీ చూడనట్టు రాసెయ్యవయ్యా" అన్నాడట అధికారి. "చూసీ చూడనట్టుండేది కన్ను సార్, ముల్లు కాదు" అన్నాడట మామయ్య. దానివల్ల ప్రమోషను ఆరేళ్ళు ఆగిపోయింది. ఈ కథ ఎవరు చెప్పినా పక్కనుంచి సరిచేస్తాడు: "ఆరేళ్ళ రెండు నెలలు."

ఆ త్రాసుని లెక్కచెయ్యని మనిషి ఒక్కడే, మా నాన్న. ఆయన గోదాములో బస్తాల మేస్త్రీ. బస్తా భుజానికెత్తి నాలుగడుగులు వేసి బరువు చెప్పేవాడు. ఎదుటివాడి నడక చూసి వాడి నెత్తిమీద బస్తా బరువూ చెప్పేవాడు.

"అంకెల్లేని త్రాసెందుకురా బావమరిదీ, అద్దాల్లేని కళ్ళజోడులాగా?"

"నీ భుజం రసీదు రాసిస్తుందా బావా?"

ఇరవై ఏళ్ళుగా ఇదే సంభాషణ. ఇద్దరికీ విసుగు రాలేదు. మాకే వచ్చింది.

ఏటా ఒకసారి నాన్న, మామయ్య, అక్క, నేను కొండెక్కి రెండు రోజులు డేరా వేసుకుని ఉండేవాళ్ళం. డేరా నాన్నది. గోదాము కాన్వాసుతో దగ్గరుండి కుట్టించుకున్నది. జానెడు పొడవు ఇనప మేకులు ఎనిమిదింటితో కలిపి పదిహేడు కిలోలు. దాన్ని మోసే హక్కు నాన్నది. మరొకరు చెయ్యి వేస్తే చెయ్యి తీసేసేంత కోపం.

పోయినేడు నాన్న గుండెకి ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరమూ ఆయన్ని దేన్నీ ఎత్తనివ్వలేదు. కూరల సంచి, నీళ్ళ బిందె, చివరికి కుర్చీ కూడా ఆయన చేతికి అందకముందే లాక్కునేవాళ్ళం. మొదట కోప్పడ్డాడు. తర్వాత అలిగాడు. ఆ తర్వాత ఏమీ అనడం మానేసి కిటికీ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆ మూడోదానికే మాకు భయం వేసింది.

"నడవచ్చు, కొండా ఎక్కచ్చు, నెమ్మదిగా" అన్నాడు డాక్టరు. "మూడు కిలోలు మించి మొయ్యకూడదు."

"నేను రాను" అన్నాడు నాన్న. "అందరికీ ఎంత వాటానో నాకూ అంత వాటా ఉంటేనే వస్తా. గ్రాము తగ్గినా రాను. చేతులూపుకుంటూ వెనకాల నడవడానికి నేనేమైనా చుట్టపుచూపుగా వస్తున్నానా?"

"మూడు కిలోలు దాటితే గుమ్మం దాటనివ్వను" అంది అమ్మ.

మూలనుంచి మామయ్య గొంతు వినిపించింది.

"అందరికీ తలా మూడు కిలోలు. ఇందులో గొడవేముంది?"

నలుగురికీ కలిపి పన్నెండు కిలోలు. తిండి, బట్టలు, దుప్పట్లు, గిన్నె, స్టవ్వు, గూడు, అన్నీ అందులోనే. పాత డేరా ఒక్కటే పదిహేడు. లెక్క నాకే అందింది, మామయ్యకి అందకుండా ఉంటుందా? అయినా నాన్న కిటికీ వైపునుంచి తల ఇటు తిప్పాడు. ఆర్నెల్లలో మొదటిసారి. ఇక వెనక్కి తగ్గడానికి వీల్లేకపోయింది.

మర్నాటినుంచి మా ఇల్లు పార్శిల్ ఆఫీసైపోయింది. నా చొక్కాకి ఆరు గుండీలెందుకు, మూడు చాలవా అన్నాడు. అక్క తీసుకెళ్ళబోయే నవల తూచి, మొదటి రెండువందల పేజీలు ఇంటి దగ్గరే చదివేసి మిగతావి చింపుకుని రమ్మన్నాడు.

"హంతకుడెవరో ముందే చెప్పేస్తే మొత్తం పుస్తకమే మానేస్తా మామయ్యా" అంది అక్క పళ్ళు కొరుకుతూ.

"మానేస్తావా?" అని నిజంగానే చివరిపేజీ తిప్పాడు మామయ్య.

టెంట్ల కొట్టులో ఇంకా ఘోరం. ఆ కొట్టులోకి వచ్చేవాళ్ళందరూ రంగు చూస్తారు, కిటికీలు చూస్తారు. మామయ్య జేబులోంచి త్రాసు తీశాడు. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి దాన్ని చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"దీనిమీద పదకొండువందల యాభై గ్రాములని రాసుందమ్మా. నా త్రాసులో పద్నాలుగువందల ఇరవై."

"మీ త్రాసు మీద అంకెల్లేవు కదండీ."

"నీ దాంట్లో చూడు."

కొట్టు ఎలక్ట్రానిక్ త్రాసు పద్నాలుగువందల ఇరవై ఒకటి చూపించింది. ఆ అమ్మాయి మామయ్యని చూసే చూపు మారిపోయింది.

"అంటే... మేకులూ, తాళ్ళూ, సంచీ కలపకుండా రాస్తారండీ."

"మరి మేకులెవరు తెస్తారు? గాలికి ఎగిరొస్తాయా?"

ఏడు టెంట్లు విప్పించాడు. రెండు పొరలది బరువన్నాడు. ఒకే పొరది చూసి, "లోపల మన ఊపిరే మంచులా పట్టి మన నెత్తినే కారుతుంది, బావకి జలుబు చేస్తుంది" అన్నాడు. వంగే కడ్డీలున్నది పక్కన పెట్టాడు. చివరికి ఆ అమ్మాయి గుండ్రంగా చుట్టిన చిన్న మూట ఒకటి తెచ్చింది. గోపురంలా నిలబడే టెంటు. కడ్డీలు లేవు, మధ్యలో మన చేతికర్రే నిలబెట్టుకోవాలి. నలుగురు పడతారు. పైన సందు ఉంది గనక చెమ్మ పట్టదు. మేకులతో సహా కిలో రెండువందలు.

"అడుగు గుడ్డేదమ్మా?"

"ఉండదండీ. అందుకే అంత తేలిక."

"అంటే నేల మేమే తెచ్చుకోవాలా?"

"నేల అక్కడే ఉంటుందండీ" అంది ఆ అమ్మాయి. ఆమె ఓపిక ఎన్ని కిలోలో మామయ్య తూచలేదు గానీ, తూచాల్సింది. కొనేశాక దానికి కుట్టిన లేబుల్ కత్తిరించి తూచాడు. నాలుగు గ్రాములు. విజయగర్వంతో ఆ లేబుల్ ఆమెకే బహూకరించాడు.

బయల్దేరే రోజు పొద్దున హాల్లో తూకం. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నాన్న చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. ఆ మొహం చూస్తే ఫలితాల కోసం నిలబడిన విద్యార్థి గుర్తొచ్చాడు. ముల్లు యాభై గ్రాములు అటైతే అమ్మ ఆపుతుంది, ఇటైతే నాన్న ఆగిపోతాడు. ఏది జరిగినా మళ్ళీ కిటికీయే.

నా సంచి: ఊపిరి బిగబట్టి, కన్ను మూసి, "మూడు కిలోలు." అక్కది: "మూడు కిలోల ఇరవై. సబ్బు తీసెయ్." తీసేసింది. తర్వాత నాన్నది. టెంటు ఆయన సంచిలోనే ఉంది, హక్కు హక్కే. మామయ్య దాన్ని కొక్కేనికి తగిలించాడు, ఎత్తాడు, వెంటనే దించేశాడు.

"మూడు కిలోలు" అని దగ్గాడు.

చివరికి తనది. అది మా సంచులకి రెట్టింపు లావుంది.

"నీదేంట్రా గున్న ఏనుగులా ఉంది?" అంది అమ్మ.

"అంతా స్పాంజే అక్కయ్యా. చూడ్డానికే లావు. తిండి కూడా వేయించిన పేలాల్లాంటివే." దాన్నీ ఎత్తాడు, దించాడు. "మూడు. ఎవరూ ముట్టుకోకండి, కుదుపుకి సర్దుడు చెదిరిపోతుంది."

నాన్న తన సంచి భుజానికి తగిలించుకున్నాడు. ఓ క్షణం ఆగి మామయ్య వైపు చూశాడు. "పదండి" అన్నాడు. అమ్మ పక్కకి తప్పుకుంది.

పైకి చేరి, పచ్చిక మీద గోపురం నిలబెట్టేసరికి మధ్యాహ్నమైంది. మొదట ఎండ పోయింది. తర్వాత గాలొచ్చింది. ఆ తర్వాత వచ్చినదాన్ని గాలి అనడం దానికి అవమానం. వాన అడ్డంగా కొట్టింది. కొట్టువాళ్ళిచ్చిన మేకులు జడపిన్నుల్లాంటివి, మెత్తబడ్డ నేలలోంచి టపటపా లేచొచ్చాయి. ఒక పక్క గుడ్డ మొత్తం ఎగిరి కొట్టుకోసాగింది. మధ్యకర్ర ఒరిగిపోతుంటే నాన్న లేచి రెండు చేతులా పట్టుకున్నాడు.

"కర్ర వదులు బావా!"

"వదిలితే ఈ గుడ్డ మనకంటే ముందు ఇల్లు చేరుతుంది!"

"నేను పట్టుకుంటా, వదులు!"

"ఇది కూడా లాక్కుంటార్రా నా చేతిలోంచి?" అని అరిచాడు నాన్న. మొహం పాలిపోయింది. రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నా ఇనప మేకులుంటేనా..." అన్నాడు నాన్న రొప్పుతూ.

మామయ్య తల దించుకున్నాడు.

"అల్లుడూ, నా సంచి ఇలా తే."

వెళ్ళి ఎత్తబోయాను. లేవలేదు. రెండు చేతులా లాగితే కదిలింది. అడుగున, చప్పుడు కాకుండా తువ్వాలులో చుట్టి, ఎనిమిది ఇనప మేకులు. వాటిపైన నలుగురి తిండి, స్టవ్వు, గిన్నె, నాన్న మందుల డబ్బా, నాన్న ఉన్ని దుప్పటి, సుత్తి. స్పాంజు మాత్రం ఎక్కడా లేదు.

నాన్న ఆ మేకుల్ని చూశాడు. కర్ర మెల్లిగా అక్క చేతికిచ్చి, దుప్పటి కప్పుకుని, గిన్నె బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఆ తర్వాత వినిపించింది, ఏడాదిగా మేం మర్చిపోయిన గోదాము గొంతు.

"ఏంట్రా అలా నిటారుగా కొడతావ్! తల డేరాకి ఎడంగా వాల్చు! ఒరేయ్ బావమరిదీ, నువ్వు గాలొచ్చే వైపు ముందు కొట్టు, ప్రేమగా కాదు, గట్టిగా! తాడు సగానికి తగ్గించు! ఆఁ... అదీ!"

పావుగంటలో గుడ్డ డోలులా బిగిసింది. వాన బయట మొత్తుకుంటూనే ఉంది. లోపల నాన్న మొహంలోకి రంగొచ్చింది. అక్క కాచిన వేడినీళ్ళు తాగుతూ మెల్లిగా అన్నాడు.

"ఎనిమిది మేకులు రెండు కిలోలు కదరా. నీ సంచి మూడన్నావు. ఈ సరంజామా అంతా కిలోలోకే వచ్చిందా?"

"సర్దుడు బావా" అన్నాడు మామయ్య గ్లాసులోకి చూస్తూ. "సర్దడం తెలిసినవాడికి..."

"ఊఁ" అన్నాడు నాన్న. అంతటితో వదిలేశాడు. ఇరవై ఏళ్ళలో ఆయన బావమరిదిని అంత తేలిగ్గా వదిలెయ్యడం అదే మొదలు.

మూడోనాడు పొద్దున ఎండ కాసింది. తడిగుడ్డ మూడొందల గ్రాములు ఎక్కువని, టెంటు పూర్తిగా ఆరేదాకా మామయ్య మడవనివ్వలేదు. ఆయన వాగు దగ్గర మొహం కడుక్కుంటుంటే, నాన్న మేకుల కుప్పలోంచి రెండు తీసి తన సంచిలో దోపుకున్నాడు.

"నాన్నా! డాక్టరు..."

"ఉష్! నాది రెండున్నరే ఉంది. ఇవి రెండూ అరకిలో. మీ అమ్మ గీసిన గీత మీదే ఉన్నా."

"నీకు తెలుసా?"

"ముప్పై ఏళ్ళు బస్తాలెత్తినవాణ్ణి, భుజానికి తగిలించుకోగానే తెలీదా? వాడిది పదకొండు. మొదటి మలుపులోనే నడక చెప్పింది."

"మరి అడగలేదేం?"

"అడిగితే నేను ఆగిపోవాలి. వాడి త్రాసు పరువూ పోవాలి." నాన్న సంచి మూతి బిగించాడు. "పాపం, పై అధికారికి ఏడు గ్రాములు వదల్లేనివాడు. జీవితంలో మొదటి తప్పుడు తూకం నా సంచికే చెప్పాడు. అది అలాగే ఉండిపోతే వాడికి నిద్రపట్టదు. నిజం చేసేద్దాం."

దిగే ముందు మళ్ళీ తూకం, అది మామయ్య నియమం. నాన్న సంచి కొక్కేనికి తగిలించాడు. లోపల ఇనుము ఖంగుమంది. వెంటనే దించబోతున్న మామయ్య చెయ్యి ఆగిపోయింది. త్రాసుని కంటి ఎత్తుకి లేపాడు. ఊపిరి బిగబట్టాడు. ఎడమ కన్ను మూశాడు. చాలాసేపు ముల్లునే చూశాడు. తర్వాత మూసిన కన్ను తెరిచి, ఆ రెండు కళ్ళతోనూ బావ వైపు చూశాడు. బావ ఆకాశంలో ఎక్కడా లేని మబ్బుని శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

"మూడు కిలోలు" అన్నాడు మామయ్య, జడ్జీ గొంతుతో. "సరిగ్గా."

"అంకెల్లేని త్రాసు" అన్నాడు నాన్న మబ్బుతో. "ఎవరు నమ్ముతారులే."

"నీ భుజం రసీదు రాసిస్తుందా బావా?"

కొండ దిగేటప్పుడు మామయ్య అందరికంటే ముందు నడిచాడు. ఆయన వీపు మీంచి నాన్న తీసుకుంది అరకిలోయే. నడక చూస్తే పది కిలోలు దిగినట్టుంది. నేను తూచలేదు గానీ, నమ్మాను.