మామి అంబా బొమ్మల మీద పసుపు పట్టీ

సముద్రం ఒడ్డున ఉన్న సాల్ట్‌పాండ్ ఊళ్ళో ఎవరైనా పోతే ముందు ఏడుపులు, ఆ వెంటనే ఎకువా బెంట్సిల్ టైపింగ్ దుకాణానికి కబురు. చర్చిలో గోడ మీద పడే బొమ్మలు పేర్చేది ఆవిడే మరి. పోయిన మనిషి పడుచుదనం, పెళ్ళి, మనవలు, ఒకదాని వెనక ఒకటి అలా వచ్చి పోతుంటే జనం ముక్కులు చీదుకోవాలి. లేకపోతే సాగనంపినట్టే కాదు.

అయితే ఎకువా కొత్త ఫైలు మొదలుపెట్టిన పాపాన పోలేదు. కిందటి వారం పోయినవాళ్ళ ఫైలు తెరుస్తుంది, వాళ్ళ ఫోటోలు తీసేస్తుంది, ఈ వారం పోయినవాళ్ళవి పెడుతుంది. నలుపూ ఎరుపూ అంచు, మూలన కొవ్వొత్తి అలాగే ఉంటాయి. ఆ ఒక్క ఫైలులోంచే పదకొండేళ్ళుగా ఊళ్ళో సగంమంది పైకి వెళ్ళారు.

ఈసారి పోయింది మామి అంబా. నలభై ఏళ్ళు పొయ్యిల ముందు కూర్చుని చేపలు పొగబెట్టిన మనిషి. శనివారం పొద్దున సమాధి. శుక్రవారం మూడింటికి ఎకువా పెన్‌డ్రైవ్ పట్టుకుని చర్చికి వెళ్ళింది. చర్చి కంప్యూటరు చూసుకునే ఎజీర్ మాస్టారు ఫైలు తెరిచాడు. బొమ్మల పైన పసుపు పట్టీ ఒకటి పడింది. భద్రతా హెచ్చరిక, మాక్రోలు ఆపేశాం అని.

"ఇదేంటమ్మా?"

"ఏమో మాస్టారూ. ఉత్త ఫోటోలేనండీ అందులో."

"కిందటేడు పెన్‌డ్రైవ్ తెచ్చిన పెద్దమనిషీ ఇదే మాట అన్నాడు. పాత కంప్యూటరు చచ్చి ఊరుకుంది. బాప్తిస్మం పేర్లు, కీర్తనలు, అన్నీ పోయాయి. మాక్రో అంటే ఫైలు మనల్ని అడక్కుండా తనంతట తాను చేసే పని. వైరస్సు దూరేది ఆ దారినే." ఆయన పెన్‌డ్రైవ్ పీకి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇది మొన్ననే తెచ్చిన కొత్త మిషను, ఇలాంటివి పట్టేస్తుంది. ఐదింటికి తాళం వేస్తా. ఆలోపు ఆ పట్టీ పోతే సరే. లేదంటే రేపు ఆ గోడ ఖాళీయే."

ఎకువా పెన్‌డ్రైవ్ పట్టుకుని దుకాణానికి బయల్దేరింది. తన కంప్యూటరులో ఎప్పుడో 'మళ్ళీ అడగొద్దు' అని నొక్కేసింది కాబట్టి ఇన్నాళ్ళూ ఆ పట్టీ ఆవిడ కంట పడలేదు. నిజంగానే లోపల ఏదైనా కూర్చుని ఉందా? ఎంతమంది శవాల మీదుగా ప్రయాణం చేసి వచ్చిందో!

దుకాణానికి వచ్చేసరికి మామి అంబా కూతురు మెన్సిమా, చెల్లెలు అత్తా ఎఫువా గుమ్మంలో కూర్చుని చేపతో కెంకే, అంటే పులిసిన మొక్కజొన్న పిండి ముద్దలు, తింటున్నారు.

"అయిపోయిందా అక్కా?" అంది మెన్సిమా. ఇల్లు కాలిపోయాక వాళ్ళమ్మవి మిగిలినవి ఏడే ఫోటోలు. ఊరూరా తిరిగి అడిగి తెచ్చుకుంది పిల్ల.

"కాస్త పని ఉంది," అంది ఎకువా.

"మా అక్కని గోడ మీద చూపించకపోయావో, నిన్ను ఎక్కిస్తాం ఆ గోడ," అంది అత్తా ఎఫువా చేప ముల్లు ఊస్తూ. నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం నవ్వలేదు.

ఎకువా లోపలికి పోయి, ఒకప్పుడు తన దగ్గర పనిచేసి టకొరాడి పట్నంలో స్థిరపడ్డ అరాబాకి ఫోన్ కొట్టింది.

"అరాబా, చచ్చానే!"

"చచ్చినవాళ్ళకి ఫైలు చేసేది నువ్వేగా అక్కా, నీకెవరు చేస్తారు? నెమ్మదిగా చెప్పు."

చెప్పింది. అవతల అరాబా నాలిక కరుచుకుంది. "అయ్యో, అది నేను పెట్టిందే! కొవ్వొత్తి మినుకుమినుకుమనాలని ఓ మాక్రో ముక్క రాశాను, గుర్తుందా?"

"అది ఎప్పుడో చెరిపేశాగా!"

"రాత చెరిపావు. రాసిన కాగితం లోపలే ఉండిపోయింది. తెల్లకాగితమైనా సరే, అది ఉంటే చాలు, హెచ్చరిక వస్తుంది. ముందు ఫైలుకి నకలు తీసుకున్నావా?"

"లేదు."

"తీసుకో తల్లీ, తీసుకో!"

నకలు తీసింది. అరాబా చెప్పిన మీటలు నొక్కితే తెర మీద ఎన్నడూ చూడని గది ఒకటి తెరుచుకుంది. ఎడమ పక్కన మాడ్యూల్ అని ఒక్క పేరు. తెరిచి చూస్తే లోపల ఒక్క అక్షరం లేదు. ఆ ఖాళీని చూస్తే ఎకువాకి ఇంకా భయమేసింది.

"దాని మీద మౌసు కుడి మీట నొక్కి తీసెయ్. దాచిపెట్టమంటావా అని అడిగితే వద్దను. తర్వాత మాక్రోలు మోయని మామూలు రకంగా సేవ్ చెయ్."

వేలు మీట మీద పెట్టింది. ఏడు ఫోటోలూ మాయమైతే? కళ్ళు మూసుకుని నొక్కింది. తెరిచి చూస్తే మామి అంబా అలాగే ఉంది. అరాబా చెప్పిన రకంగా సేవ్ చేసి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది.

"పట్టీ పోయిందా?" అంది అరాబా.

"నాకెలా తెలుస్తుందే? నా మిషను ఎప్పుడూ చెప్పదుగా!"

పోయిందో లేదో తేలేది మాస్టారి ముందే. ఐదుకి పది నిమిషాలుందనగా ఎకువా చర్చి మెట్లెక్కింది. ఆయన అప్పటికే తాళం చేత్తో పట్టుకున్నాడు. ఆవిడ చేతిలోంచి పెన్‌డ్రైవ్ తీసుకుని పెట్టాడు. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, ఇంకా తిరిగింది. ఎకువా బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

బొమ్మ వచ్చింది. పైన ఏమీ లేదు.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, ఫైలు మూసి మళ్ళీ తెరిచాడు. అప్పుడూ లేదు. "ఏముందమ్మా లోపల?"

"ఖాళీ కాగితమండీ."

"ఖాళీదానికా ఇంత గోల? సరే, రేపు తొమ్మిదింటికి."

మర్నాడు చర్చి కిటకిటలాడింది. గోడ మీద మామి అంబా ఏడు రకాలుగా వచ్చింది. జనం ఏడ్చారు, అత్తా ఎఫువా అందరికంటే గట్టిగా ఏడ్చింది. బయటికొచ్చాక మెన్సిమా ఎకువా చేతులు పట్టుకుంది.

"పొయ్యి దగ్గర మా అమ్మ నవ్వుతున్న ఫోటో, ఎంత పెద్దగా పడిందో చూశావా అక్కా?"

"చూశానమ్మా," అంది ఎకువా.

చూడలేదు. బొమ్మలు నడిచినంతసేపూ ఆవిడ కళ్ళు గోడ మీద పైఅంచునే పట్టుకుని వేలాడాయి, పసుపు రంగు ఎక్కడ పడుతుందోనని.