బావ రక్తపోటు, అక్క మీద నింద

మా అక్క చల్లిన పేడనీళ్లకు మా బావ గుండె ఆగలేదు. అసలది ఆగనే లేదు. ఊరంతా అలా అనుకోవడానికి కారణం నేను. కాబట్టి సరిచెప్పాల్సింది కూడా నేనే.

అరకులో నాకో చిన్న మందుల షాపు ఉంది. అక్కాబావలు కొండ మీది మా ఊళ్లోనే కాఫీ, మిరియాలు పండిస్తారు. చైత్రంలో మా ఆదివాసీల వేట పండుగ, ఇటుకల పండుగకు మగవాళ్లం అడవికి పోతాం. ఇప్పుడు వేట పేరుకే. జీలుగు కల్లు తాగి, చెట్ల కింద కబుర్లాడుకుని, సాయంత్రానికి దిగి వస్తాం. ఉత్త చేతులతో వచ్చినవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి పరువు తీస్తారు. ఆ పరువు పోగొట్టుకోవడానికే ఏడాదంతా ఎదురుచూస్తామంటే నమ్మండి.

మూడేళ్ల కిందట బావకు కొత్తగా బీపీ వచ్చింది. ఆ ఏటి పండుగకు కొండెక్కబోతూ నన్నడిగాడు.

"బామ్మర్దీ, ఎండలో ఎక్కాల, పైన కల్లు తాగాల. బీపీని ఈ ఒక్క బిళ్ల ఆపుతాదేటి?"

"రెండేసీ బావా. డబల్ కల్లుకి డబల్ బిళ్ల!"

సగం వేళాకోళమే. కానీ మందులమ్మే మనిషి మాట కదా, ఆయన నిజంగానే వేసుకున్నాడు. నేను చూస్తూ నవ్వాను.

సాయంత్రం పాడుకుంటూ దిగాం. పొద్దుటి నుంచి బావ తిన్నది లేదు, చెమట మాత్రం ధారలు కట్టింది. ఊరి మొదట్లోనే అక్క బకెట్టుతో కాచుకుని ఉంది.

"ఏటి, కుందేలైనా లేదేటి? అడివిలో నిద్దరోనారా?"

"కుందేలుంది గానే, నీ పేరు సెప్పీసరికి పారిపోనాది!" అన్నాడు బావ.

ఆడవాళ్లు గొల్లుమన్నారు. అక్క వెంటపడింది, బావ పరుగెత్తాడు, బకెట్టు మొత్తం ఆయన నెత్తిన పడింది. నవ్వుతూ నవ్వుతూ ఒక చుట్టు తిరిగి బావ కూలబడ్డాడు. నటిస్తున్నాడనుకున్నాం. ఇంకొకామె ఇంకో డబ్బా కూడా గుమ్మరించింది. అక్క ఆయన చెయ్యి పట్టి లాగబోయి, ఆ చల్లదనానికి చటుక్కున వదిలేసింది.

జీపులో, పేడ కంపుతో, ఆసుపత్రికి చేరాం. బీపీ అందీ అందనట్టుంది. డాక్టరమ్మ అడగ్గానే రెండు బిళ్లల సంగతి ఆమె చెవిలో చెప్పేశాను. చెవిలో చెప్పినదానికి ఆమె వార్డంతా వినేట్టు తిట్టింది. అదృష్టం, అక్క అప్పుడు బయట బావ చొక్కా ఉతుకుతోంది.

సెలైను ఎక్కించినా బీపీ లేవలేదు. "డోపమైన్ పెడదాం," అంది డాక్టరమ్మ. మెదడులో ఆనందం పుట్టించేది అదేనని ఫోన్లో వీడియోలు చూసి, ఆ పేరు నాకు బాగా తెలుసనుకున్నాను. పరుగున బయటికొచ్చి, "అక్కా, బావకి ఆనందం మందు పెడతన్నారే!" అన్నాను.

"ఆనందం ఎక్కువైపోయే కదరా పడ్డాడు!" అని అక్క ఏడుపందుకుంది.

గుమ్మంలోంచి విన్న డాక్టరమ్మకు నవ్వాగలేదు. "ఇలా సిరలో ఎక్కించింది మెదడులోకి పోదమ్మా. గుండెకీ, రక్తనాళాలకీ పనిచేస్తుంది. ఒక మోతాదులో గుండె గట్టిగా పిండుతుంది. ఇంకా పెంచితే నాళాలు బిగుసుకుని బీపీ లేస్తుంది. మరీ పెరిగితే గుండె పరుగందుకుంటుంది. అందుకే మిషనుతో కొంచెం కొంచెంగా ఇస్తూ కాపలా కాస్తాం."

మేమూ మంచం పక్కన నిలబడి, బీపీ చూపించే మిషను తెర వైపు చూస్తూ కాపలా కాశాం. అంకె ఒక మెట్టు పెరిగితే అక్క నా భుజం గిల్లేది. పెరుగుతూనే ఉంది, గిల్లుతూనే ఉంది. బావ వేళ్లు వెచ్చబడ్డాయి. కళ్లు తెరిచి, "కల్లు మిగిలిందేటి?" అన్నాడు. అక్క ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ తిట్టింది. నాకైతే చుక్క మందు ఎక్కకుండానే గుండె మా పండుగ నాట్యం దిమ్సా ఆడింది.

ఆ సంబరంలోనే తప్పు చేశాను. బయట ఊరివాళ్లు ఏమైందని చుట్టుముడితే, రెండు బిళ్లల మాట మింగేసి, "చల్లటి పేడనీళ్లు పడి గుండెకు షాక్ కొట్టింది," అన్నాను. మందుల షాపువాడి మాటకు ఎదురేముంది? అక్క కూడా నమ్మింది. తర్వాతి ఏడు పండుగకు గడప దాటలేదు. ఆ తర్వాతి ఏడూ అంతే. "నా సేతుల్తోనే సంపుకుందును," అనేది. ఇన్నాళ్లూ ఆ మాట వింటూ ఆమె పెట్టిన అన్నం తిన్నాను. సిగ్గుగా ఉంది.

ఈ ఏడు పండుగ పొద్దున్న పొయ్యి దగ్గర కూర్చున్న అక్కకు అంతా చెప్పేశాను. అక్క ఊదుగొట్టం పక్కన పెట్టింది. మూల నుంచి బావ దగ్గాడు.

"నాకు తెల్సులేరా. నువ్వు డాక్టరమ్మ సెవిలో గుసగుసలాడినప్పుడు నా సెవులు పనిసేత్తన్నాయి."

"మరెందుకు సెప్పలేదు?" అంది అక్క, చాలా నెమ్మదిగా.

"అప్పట్నించీ నువ్వు తిట్టకుండా నాటుకోడి పులుసు పెడతన్నావు గదే..."

అక్క మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ముందు పెదాలు బిగించింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత పొయ్యిలో బూడిద ఎగిరేలా నవ్వింది. గరిటె నా చేతిలో కుక్కి, కత్తిపీట బావ ముందుకు తోసింది.

"ఈయేళ వంట మీది. మాడిందా, మాడిందే తినండి."

కొంగు నడుముకు బిగించి రోడ్డెక్కింది. అక్కడ ఆడవాళ్లు వెదురు బొంగు అడ్డం పెట్టి, టూరిస్టు కార్లను ఆపి పండుగ డబ్బులు వసూలు చేస్తున్నారు. మా కూర మాడిపోతుండగా బయట నుంచి ఆమె గొంతు వినిపించింది: "ఆగు బాబూ, బేగి దిగు, మాతో దిమ్సా ఆడకుండా పోలేవు!"