వంకలో తడిసిన ఫోను

దయ్యాలనీ ఆత్మలనీ ఎవరైనా మొదలుపెడితే నేను మెల్లగా లేచి వెళ్ళిపోయేవాణ్ణి. వాదన కూడా పెట్టుకునేవాణ్ణి కాదు. నేను చేసేది మొబైల్ రిపేరు. ఫోను చెడిందంటే లోపల ఎక్కడో ఒక కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. మనుషులు చెప్పే వింతలకూ అలాంటి కారణమే ఉంటుందని నా నమ్మకం. ఇప్పటికీ దాదాపు అలాగే అనుకుంటాను. ఒక్క విషయంలో తప్ప.

కర్ణాటకలో ఆంధ్రా సరిహద్దుకు దగ్గరి ఊరు చింతామణి, అక్కడి బస్టాండు వెనక సందులో మా అంగడి. అప్పటికి కోలారు నుంచి విడిపోయి మా జిల్లా చిక్కబళ్ళాపురం అయి ఎంతో కాలం కాలేదు. పల్లెల్లో కూడా చేతికొక ఫోను వచ్చేసిన రోజులు. ముందు కౌంటరులో నా భార్య సుజాత రీఛార్జి కార్డులు అమ్మేది. అద్దాల వెనక బల్ల మీద నేను పని చేసుకునేవాణ్ణి.

వానాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. పేరు నారాయణప్ప. బాగేపల్లి తాలూకా మిట్టేమరి దగ్గర పల్లె. శెనక్కాయ పండించే రైతు. తెల్ల తువ్వాలు మడతల్లోంచి ఒక ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. బటన్ల ఫోను, కలర్ స్క్రీనుది. స్క్రీను లోపల గోధుమరంగు మరక. బటన్ల సందుల్లో ఇసుక.

"నీళ్ళలో పడిందా?" అని అడిగాను.

"వంకలో పడిందప్పా. బాగేపల్లిలో చూపిస్తి, కాదనిరి. చిక్కబళ్ళాపురంలోనూ కాదనిరి. చింతామణిలో నువ్వు చూస్తావని అక్కడోళ్ళే చెప్పిరి."

"చార్జరు ఏమన్నా పెట్టినారా?"

"లేదప్పా. భయమై పెట్టలేదు. మిద్దె మీద ఎండబెట్టినా, అంతే."

వెనక మూత తీశాను. బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. సిమ్ పెట్టే చోట పచ్చగా చిలుము పట్టింది. నీళ్ళలో పడిన ఫోను ఆ రోజే వస్తే ఏమైనా చేయొచ్చు. ఇది బురదలో చాలా రోజులు ఉన్న ఫోను. దీనికి పెట్టే ఖర్చుతో ఇంకొకటి వస్తుందని చెప్పాను. అందరికీ చెప్పే మాటే.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇది పని చేసేది నాకొద్దప్పా. మా బిడ్డ గొంతు దీంట్లో ఉండాదంట. అది ఒగసారి వాళ్ళమ్మకు వినిపిస్తే చాలు."

అప్పుడు చెప్పాడు. కూతురు పేరు శోభ. చిక్కబళ్ళాపురంలో హాస్టలులో ఉండి టీచరు ట్రైనింగు చదువుతూ ఉండేది. శనివారం ఊరికి రావడం, ఆదివారం సాయంత్రం తిరిగి పోవడం. ఆ ఆదివారం పైన ఎక్కడో పెద్ద వాన పడి, బాగేపల్లికి పోయే దారిలో వంక రోడ్డు మీద పారింది. షేరాటో డ్రైవరు అవతలికి పోనన్నాడు. నీళ్ళు మోకాలి లోతే కదా అని ఆటోలోని నలుగురూ దిగి, చేతులు పట్టుకుని నడిచారు. మధ్యలో ఉన్నట్టుండి నీళ్ళు పెరిగాయి. మిగతావాళ్ళను ఒడ్డునున్నవాళ్ళు లాగేశారు. శోభ మరుసటి రోజు పొద్దున కింద తుమ్మచెట్ల దగ్గర దొరికింది. సంచీ చాలా రోజుల తర్వాత, వంక ఎండినాక, ఇసుకలో గొర్రెలు మేపేవాళ్ళకు దొరికింది. ఫోను ఆ సంచీలోది.

దహనం, దినాలు అన్నీ అయ్యాయి. అన్నిటికీ తల్లి రత్నమ్మ దగ్గరే ఉంది. కానీ ఆమె ఏడవలేదు. ఆ రోజు నుంచి మాట కూడా లేదు. నోటికి అందిస్తే నాలుగు మెతుకులు, లేకుంటే అదీ లేదు. బాగేపల్లిలో డాక్టరు మాత్రలు ఇచ్చాడు. వాటితో నిద్రపోతుంది, లేస్తే మళ్ళీ అంతే. ఇంతలో శోభతో చదివే పిల్ల పలకరించడానికి ఇంటికొచ్చి, క్లాసులో పాడడానికని శోభ ఒక కన్నడ పిల్లల పాట నేర్చుకుని ఫోనులో రికార్డు చేసుకుందని చెప్పింది. బిడ్డ గొంతు వింటే తల్లికి ఏడుపైనా వస్తుందని ఈయన ఆశ.

నేను కాదనలేకపోయాను. చూస్తాను, నమ్మకం పెట్టుకోవద్దు అని చెప్పి పంపాను.

ఆయన పోయాక సుజాత అద్దం పక్కకొచ్చి అడిగింది. "ఏమన్నా ఆశ ఉండాదా?"

"లేదు" అన్నాను. "అయినా తీసుకున్నా."

మిగతా పనుల మధ్య దాన్ని కొంచెం కొంచెంగా చేశాను. బోర్డు బయటికి తీసి థిన్నరుతో కడిగాను. బ్రష్షుతో చిలుము గీకాను. వేడిగాలి పట్టించాను. మాట వినే చిన్న స్పీకరు, కింద మోగే పెద్ద స్పీకరు రెండూ తుప్పు పట్టి పొడి పొడిగా ఉన్నాయి. రెండూ ఊడదీసి స్టీలు డబ్బా మూతలో వేశాను. ముందు బోర్డుకు ప్రాణం వస్తే, అప్పుడు వేరే పాత ఫోనువి తెచ్చి వేద్దామనుకున్నాను. ఒకసారి స్క్రీను తెల్లగా వెలిగింది. పేరు గానీ మెనూ గానీ రాలేదు. అంతటితో ఆరిపోయింది. లోపల మెమరీ చిప్పు కాళ్ళను కూడా తుప్పు తినేసింది. పాట బయటికి తీయడం జరిగే పని కాదని అర్థమైపోయింది.

ఆయన ఫోను చేస్తే, వచ్చి తీసుకుపొమ్మని చెప్పాను. కాలేదు అనే మాట ఎదురుగా చెబుదామని దాచుకున్నాను. అది తప్పయింది. ఫోను బాగైందనుకుని ఆయన భార్యను కూడా వెంటబెట్టుకుని వచ్చేశాడు.

సుజాత లేచి తన స్టూలు ఇచ్చింది. రత్నమ్మ దాని మీద కూర్చుంది. సన్నటి మనిషి. తలకు నూనె రాసి, శుభ్రంగా దువ్వి జడ వేసి ఉంది. అది నారాయణప్పే చేసి ఉంటాడు, పాపిడి వంకరగా ఉంది. కళ్ళు బల్ల మీది ఫోను ముక్కల మీదే ఉన్నాయి.

ఊరికే చూపించి, చూడండి, రావడం లేదు అని చెబుదామనుకున్నాను. బోర్డుకు పవర్ సప్లై వైర్లు తగిలించి బటను నొక్కాను. స్క్రీను తెల్లగా వెలిగింది. మునుపటి లాగే, ఖాళీగా.

అప్పుడు మాట వినిపించింది.

పెద్దగా కాదు. చెవి దగ్గర పెట్టుకున్న ఫోనులో అవతలి మనిషి మాట్లాడినంత. ఒక ఆడపిల్ల గొంతు. పాట కాదు, కన్నడం కాదు. మా తెలుగే.

"అమ్మా, చేరినా. నువ్వు అన్నం తినుపో."

ఆ తర్వాత గరగరమని ఏదో వచ్చింది. మాటో శబ్దమో తెలియలేదు. స్క్రీను ఆరిపోయింది.

సుజాత కౌంటరు దగ్గర కార్డు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రత్నమ్మ స్టూలు మీంచి లేచింది. భర్త చెయ్యి పట్టుకుని, ఏదో మామూలు సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

"చేరిందంట. విన్నావా? చేరిందంట."

ఆ తర్వాత ఆమె ఏడ్చిన ఏడుపు నేను చెప్పలేను. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. సుజాత ఆమెను లోపలికి తీసుకెళ్ళి వీపు నిమురుతూ కూర్చుంది. నారాయణప్ప మాత్రం నా బల్ల మీదికి వంగి బతిమాలాడు.

"అప్పా, ఇంగొగసారి. ఒగేసారి పెట్టప్పా."

బటను నొక్కాను. ఏమీ లేదు. మళ్ళీ నొక్కాను. బోర్డు మూలలో సన్నగా పొగ లేచింది, కాలిన వాసన వచ్చింది. ఆయన ఇంకా అడుగుతూనే ఉంటే రత్నమ్మే లోపలి నుంచి అంది.

"వద్దప్పా. బిడ్డను ఇంగ లేపాకండి."

కొంతసేపటికి ఆమె ఏడుపు తగ్గింది. సుజాత మా మధ్యాహ్నం క్యారియరు విప్పి ఆమె ముందు పెట్టింది. చారూ అన్నమూ. ఆమె కలుపుకుని తనంతట తానే తింది. నారాయణప్ప గడపలో నిలబడి అది చూస్తూ, నాకు మాత్రమే వినిపించేలా చెప్పాడు. ఆదివారాలు హాస్టలు చేరగానే శోభ ఇంటి ఫోనుకు చేసి ఆ మాటే చెప్పేదట. ఆ ఫోను వచ్చేదాకా తల్లి ముద్ద ముట్టేది కాదట. ఆ ఆదివారం ఫోను రాలేదు. అప్పటి నుంచి రత్నమ్మ రోజూ సాయంత్రం ఇంటి ఫోను పక్కనే కూర్చుంటూ ఉంది.

పాడైన ఫోనును తువ్వాల్లో చుట్టుకుని ఇద్దరూ బాగేపల్లి బస్సు ఎక్కారు.

బల్ల సర్దుతుంటే స్టీలు మూత చేతికి తగిలింది. అందులో రెండు స్పీకర్లూ ఉన్నాయి. నేను ఊడదీసి వేసినవి వేసినట్టే ఉన్నాయి. వాళ్ళ ముందు బోర్డు వెలిగించినప్పుడు ఆ సంగతే నా తలలో లేదు.

సుజాతను పిలిచాను. ముందు ఏమీ చెప్పకుండా, నువ్వేం విన్నావో చెప్పు అన్నాను. మాట పొల్లు పోకుండా చెప్పింది. అప్పుడు మూత చూపించాను. అది చూసి, "ఆయమ్మకు ఈ సంగతి తెలియనీయొద్దు" అని మాత్రం అంది.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. అంగడిలో రిపేరుకొచ్చిన మిగతా ఫోన్లన్నీ బ్యాటరీ తీసి ఉన్నాయి. సుజాత ఫోనుకూ నా ఫోనుకూ ఆ సమయంలో కాల్ ఏదీ రాలేదు. పక్కన దర్జీ అంగడి, ఆ రోజు మూసి ఉంది. ఒకవేళ ఆ ఫోనులో పాటతో పాటు ఇంకేదైనా రికార్డు అయి ఉందేమో నేను చెప్పలేను, చిప్పు చదవడానికి వీలు కాలేదు. కానీ ఆ రకం ఫోనులో మాట్లాడుకున్న మాటలు రికార్డయ్యే ఏర్పాటు లేదు. ఉన్నా, స్పీకరు లేకుండా ఎలా వినిపిస్తుంది? నాకు పని నేర్పిన బెంగళూరు మేస్త్రీని అడిగాను. బోర్డు మీద భాగాలు ఒక్కోసారి కీచుమంటాయి గానీ మాటలు పలకవు అన్నాడు. నవ్వాడు కూడా. నేను ఇంకెవరినీ అడగలేదు.

మరుసటి సంవత్సరం ఎండాకాలంలో నారాయణప్ప ఒక్కడే వచ్చాడు. ఏదో కోర్టు పని మీద చింతామణికి వచ్చాడట. రత్నమ్మ తింటూ ఉందని, మాట్లాడుతూ ఉందని, పొలానికి కూడా వస్తూ ఉందని చెప్పాడు. సాయంత్రాలు మాత్రం ఏడుస్తుందట. "ఏడ్చనీ" అన్నాడు. నేను టీ తెప్పించాను. ఆయన గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"నిన్నొగ మాట అడగాలప్పా. ఆ పొద్దు మీరు ముగ్గురూ విన్నారు. నాకేమీ వినబళ్ళేదు."

నాకు అర్థం కాలేదు. స్పీకర్ల సంగతి ఎలాగో తెలిసిందేమో, అదే అడుగుతున్నాడేమో అనుకున్నాను. అది కాదు. ఆయన చెవులు బాగానే ఉన్నాయి. వీధి చివర బస్సు హారను మోగితే తల తిప్పి చూస్తున్నాడు. ఆ రోజు స్క్రీను వెలగడం చూశాడు. సుజాత నిలబడిపోవడం చూశాడు. భార్య వచ్చి చెయ్యి పట్టుకోవడం చూశాడు. గొంతు మాత్రం వినలేదు. భార్య చేరిందంట అన్నప్పుడు, ఆమె మాట కాదనడం ఇష్టంలేక విన్నట్టే ఊరుకున్నాడు. ఇన్నాళ్ళూ ఇంట్లో కూడా విన్నట్టే ఉన్నాడు.

"మా ఇంటామె చెప్పింది, శోభ ఏమనిందో. నువ్వూ ఒగసారి చెప్పప్పా. ఆ బిడ్డ ఎట్లనిందో అట్లే చెప్పు."

చెప్పాను. అమ్మా, చేరినా, నువ్వు అన్నం తినుపో. నా గొంతుతో ఆ మాట నాకే ఎట్లాగో వినిపించింది. ఆయన తల వంచుకుని విన్నాడు. ఆ తర్వాత నా వైపు చూడకుండా అడిగాడు.

"నన్ను అడగలేదా?"

కౌంటరు దగ్గర సుజాత ముఖం అటు తిప్పుకుంది.

"ఆ మాట అయినాక ఇంకా ఏదో అనిందప్పా" అన్నాను. "గరగర వచ్చింది. మాకు తెలియలేదు." అది నిజమే.

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"అదే అయ్యుంటుంది" అన్నాడు. చల్లారిపోయిన టీ తాగి, గ్లాసు పెట్టి, బస్సుకు వెళ్ళిపోయాడు.

స్పీకరు లేని ఫోనులోంచి మాట ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. అంతకంటే తెలియనిది ఇంకొకటి ఉంది. ఆ ఫోను పట్టుకుని ఊరూరా తిరిగిన మనిషి ఒక్కడికే అది ఎందుకు వినిపించలేదో. దాని గురించి సుజాతా నేనూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.