లీలాకుమారి అనేసిన మాట

లీలాకుమారి ముఖం మీరెరుగరు గానీ గొంతు ఎరుగుదురు. హీరో తల్లి ఆసుపత్రి మంచం మీద "నాయనా, చెల్లెలు జాగ్రత్త" అని కన్నుమూసినా, వదినగారు తలుపు చాటు నుంచి దెప్పిపొడిచినా, చాలాసార్లు ఆ గొంతు ఆవిడదే. తెనాలి నుంచి వచ్చి ఏళ్ల తరబడి ఫిలింనగర్‌లో డబ్బింగు చెప్పుకుంటోంది. తెర మీద ఎవరి పెదవులు కదిలినా సరిగ్గా వాటి కొలతకు మాట సరిపెట్టగలదు. సొంత పెదవుల దగ్గరే కొంచెం పట్టు తప్పుతుంది.

వృత్తి అంటించిన అలవాటది. చెవిన పడ్డ మాటను అదే విరుపుతో ఒకసారి పైకి అనుకుంటే తప్ప ఆవిడకు పట్టుబడదు. స్టూడియోలో దాన్ని శ్రద్ధ అంటారు. బయట మాత్రం చిక్కే. బండివాడు "టమాటా కిలో నలభై" అంటే ఈవిడా "టమాటా కిలో నలభై" అంటుంది. బేరం కుదిరిందనుకుని అతను తూచి సంచిలో పోసేస్తాడు.

ఓ ఆదివారం పొద్దున మెట్ల దగ్గర ఇంటి ఓనరు ఓంప్రకాష్ ఎదురయ్యాడు. ఆ అపార్టుమెంటు లేచిన జాగా వాళ్ల తాతల నాటి చేను. కింది ఫ్లాటులో తల్లి ఎల్లమ్మతో తనుంటూ, పైవన్నీ కిరాయికిచ్చాడు.

"మేడం, వచ్చే నెల సంది మూడు వేలు ఎక్కువియ్యాలె."

లీలాకుమారి కాదనబోయింది. నోరు మాత్రం తన పని తాను చేసుకుపోయింది. "వచ్చే నెల సంది మూడు వేలు ఎక్కువియ్యాలె," అంది, ఆ చివరి సాగదీతతో సహా.

"మాటంటే గిట్లుండాలె! పై ఫ్లాటాయనైతే నా నెత్తి తిన్నడు," అంటూ ఓంప్రకాష్ ఖుషీగా వెళ్లిపోయాడు.

వెయ్యి దాకా అయితే ఆవిడ ఎలాగో ఈదగలదు. మూడంటే ఇల్లు మారాల్సిందే. మోతీనగర్‌లో చవగ్గా దొరుకుతుంది, నిజమే. కానీ ఆవిడకొచ్చే పనంతా "లీలగారూ, ఆర్టిస్టు రాలేదు, పావుగంటలో రాగలరా?" అనే ఫోన్లే. నడిచొచ్చే దూరంలో ఉందనే పిలుస్తారు. మోతీనగర్ నుంచి ఆటోలో వచ్చేలోగా హీరో తల్లి ఇంకెవరి గొంతుతోనో కన్నుమూసేస్తుంది.

సాయంత్రం ధైర్యం కూడగట్టుకుని, నోటిని గట్టిగా అదుపులో పెట్టుకుని కిందికి దిగింది. ఓంప్రకాష్ కుర్చీలో ఉన్నాడు. ఎల్లమ్మ నేల మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"అన్నయ్యగారూ, పొద్దున నేను ఒప్పుకోలేదండీ. ఊరికే అన్నానంతే."

"ఊకె అంటరా మేడం? నా మాట నాకే అప్పజెప్తిరి గదా!"

"అది నా అలవాటండీ. ఏది విన్నా నోరు అనేస్తుంది."

"మీ డైలాగులు సినిమాలల్ల మస్తుంటయి. నా తాన నడ్వయి."

ఎల్లమ్మ తలెత్తింది. "నిజమేనా బిడ్డా? ఏదంటే అదంటవా?"

"ఏదంటే అదంటవా," అనేసింది లీలాకుమారి, ముసలి వణుకు కూడా కలిపి. వెంటనే నాలిక కరుచుకుంది.

ఎల్లమ్మ కళ్లు మెరిశాయి. "మా ఓంప్రకాషు ఒట్టి మొండోడు."

"మా ఓంప్రకాషు ఒట్టి మొండోడు."

"అమ్మా!" అన్నాడు కొడుకు.

"ఆగురా. గీ ఇల్లు నాది."

"గీ ఇల్లు నాది!" అంది లీలాకుమారి, ఎల్లమ్మ అధికారమంతా గొంతులోకి దింపి.

ఎల్లమ్మ పకపకా నవ్వింది. "ఇన్నవారా? అన్నదల్లా ఒప్పుకున్నట్టయితే ఇల్లు గూడ ఆమెదే. ఇగ మనమే కిరాయి కట్టాలె. సామాన్లు సదురు!"

ఓంప్రకాష్ తల గోక్కున్నాడు. "సరే తియ్యి. పొద్దటి మాట క్యాన్సిల్. రెండు వేలు. జర సోంచాయించి చెప్పుండ్రి మేడం."

ఈసారి లీలాకుమారి చటుక్కున కొంగు నోట్లో కుక్కుకుంది. "రెండు వేలు" అన్న మాట పళ్ల వెనక గిలగిల్లాడుతోంది. దాన్ని ఆపే అవస్థకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అరె, ఏడుస్తున్నరేంది మేడం? పదిహేను వందలియ్యుండ్రి."

నీళ్లు బుగ్గల మీదికి జారాయి. ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల ఏడుపులన్నీ ఏడ్చిపెట్టిన మనిషి, మొదటిసారి గొంతు లేకుండా ఏడుస్తోంది.

"ఆడపిల్లను ఏడ్పియ్యకురా," అంది ఎల్లమ్మ, నవ్వు ఆపుకుంటూ.

"వెయ్యి! ఇగ దిగ. రెండేండ్ల దాంక మల్ల పెంచ!"

కొంగు ఊడి పడింది. "వెయ్యి! ఇగ దిగ. రెండేండ్ల దాంక మల్ల పెంచ!"

ఓంప్రకాష్ అనుమానంగా చూశాడు. "ఇది ఒప్పుకున్నట్టా, అలవాటా?"

"ఒప్పుకున్నట్టా, అలవాటా..." అని, ఆవిడ కళ్లు తుడుచుకుంది. "రెండూనండీ."

ఇంతలో చేతిలో ఫోను మోగింది. లీలాకుమారి విని, "పావుగంటలో రాగలరా," అంటూ చెప్పుల కోసం వెతుక్కుంది.