నిద్రపోని హీరో

కుట్టు మిషన్‌కు నూనె వేసినప్పుడల్లా ఆ వాసనకు బాపు చెయ్యి గుర్తొస్తుంది. నాన్న ముంబై దగ్గర భివండీలో, కామత్‌ఘర్‌లో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు.

మా గల్లీలో ఒక వీడియో గేమ్ దుకాణం ఉండేది. నేను ఆడే ఆటలో హీరో కార్లు గుంజుకుంటాడు, అడ్డొచ్చినవాళ్ళను కొడతాడు. ఆడించేది నేనే అయినా వాణ్ణి తిడుతూనే ఆడేదాన్ని.

ఒక సాయంత్రం బాపు డ్యూటీ దిగి నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. జుట్టు నిండా దూది. నా పక్కన స్టూలు మీద కూలబడి తెర వైపు చూశాడు.

“వీడు చెడ్డోడు బాపూ. ఊకెనే అందర్ని కొడ్తడు.”

ఆటలో కాసేపటికే పొద్దుగూకి మళ్ళీ తెల్లవారింది. హీరో ఉరుకుతూనే ఉన్నాడు.

“వీడు పండుకోడా బిడ్డా?”

“గేమ్‌ల ఎవలు పండుకోరు.”

“గట్లనా. నిద్ర లేనోడు ఎవలనైనా కొడ్తడు.”

నాకు నవ్వొచ్చింది. బాపుకు ఆట అర్థం కాలేదనుకున్నాను.

దానికి ముందురోజు, తన తర్వాత సాంచె ఎక్కాల్సిన మనిషి రాక, బాపు వరసగా రెండు డ్యూటీలు చేసి వచ్చాడు. అప్పుడే కన్నంటుకుంటుంటే నేను స్టీలు గ్లాసు కింద పడేశాను. లేచి నా చెంప మీద కొట్టాడు. ఆయన మాట ఎవరి గురించో తెలియడానికి, నేనూ పెద్దయ్యి కుట్టు మిషన్ మీద వరసగా రెండు డ్యూటీలు చేయాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం దుకాణంలో స్టూలు మీంచి లేస్తూ బాపు నూనె వేళ్ళతో ఆ చెంపనే తడిమాడు. మసి అంటుతుందని నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.